ఒక ఫారమ్, నాలుగు దర్వాజాలు



విశాఖపట్నం పోర్టులోకి ఓడలొచ్చే చానల్ పక్కన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద రాస్ హిల్ చర్చి, ఒకదాని మీద హజ్రత్ ఇస్‌హాక్ మదనీ ఔలియా దర్గా. వందేళ్ల కిందటి జిల్లా గెజిటీర్‌లో ఒక మాట ఉంది: రేవు దాటే హిందువుల ఓడలు దర్గాకి సలామ్‌గా జెండాని మూడుసార్లు ఎత్తి దించేవట. మా నానీ కూడా ఈ సంగతి చెప్పేది, ఆమె గెజిటీర్ చదివి కాదు.

పోయినసారి మా చెల్లెలి ఖాందాన్‌తో కలిసి ఆ కొండెక్కాను. ఫాతిహా అయింది. మెట్ల మీద కూర్చున్నాం. కింద చానల్‌లోంచి బూడిదరంగు యుద్ధనౌక ఒకటి నెమ్మదిగా లోపలికి వస్తోంది. మా భాంజా దాన్నే చూస్తూ అడిగాడు, "మామూ, సీడీఎస్ ఫారమ్‌లో ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ అన్నీ పెట్టొచ్చా? అన్నీ పెడితే వీడికి ఏదీ గట్టిగా వద్దు అనుకుంటారేమో?"

వాడు బీటెక్ ఆఖరి సంవత్సరం. వాళ్ల అబ్బా స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తాడు. ఆయన వెంటనే అన్నాడు, "ఒక్కటే పెట్టు బేటా. రెండు పడవల మీద కాళ్లు పెట్టకు." మా చెల్లెలు మాత్రం వాడు అటు లేచి వెళ్లేదాకా ఆగి, మెల్లగా నన్ను అడిగింది. "భాయ్, నిజం చెప్పు. అసలు మనోళ్లని తీసుకుంటారా?"

రెండు సవాళ్లు. పైకి వేరువేరుగా కనిపిస్తాయి గానీ రెండిటి వెనకా ఉన్నది ఒకటే డర్. కాదంటారేమో అన్న డర్. అప్పటికప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి ఈ ఫారమ్ తారీఖ్ తిరగేశాను. అది మీకూ చెప్తున్నాను, ఎందుకంటే ఈ రెండు సవాళ్లూ మా ఇంట్లోనే ఉన్నాయని నేననుకోను.

సిఫారసుల జమానా

అంగ్రేజుల ఫౌజ్‌లో మన తాతముత్తాతలు లక్షల మంది పనిచేశారు. అయితే సిపాయిలుగానే. మహా అయితే సుబేదారు. కింగ్స్ కమిషన్ ఉన్న అఫ్సర్ అంటే తెల్లవాడే. మొదటి ప్రపంచ యుద్ధంలో అంతమంది హిందుస్తానీలు ఖూన్ చిందించాక, 1918లో ఇంగ్లండ్‌లోని సాండ్‌హర్స్ట్ మిలటరీ కాలేజీలో మనవాళ్లకి ఏడాదికి 10 సీట్లిచ్చారు. ఇంత పెద్ద దేశానికి పది!

ఆ పది సీట్లు ఎవరికి దక్కేవో ఊహించడం కష్టం కాదు. కలెక్టర్ సిఫారసు, లాట్‌సాహెబ్ దర్బారులో పలుకుబడి, జమీందారీ వంశం ఉండాలి. ఓడెక్కి వెళ్లి అక్కడ చదువుకునే ఖర్చు పెట్టుకోవాలి. గుంటూరు బీడీ కార్మికుడి కొడుక్కో, విశాఖ రేవు కూలీ కొడుక్కో ఆ దర్వాజా ఎక్కడుందో కూడా తెలీదు.

1932 అక్టోబర్ 1న డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలటరీ అకాడమీ మొదలైంది. మొదటి బ్యాచ్‌లో 40 మంది. ఆ నలభై మందిలోంచే తర్వాత మూడు దేశాల ఫౌజులకి సిపహ్‌సాలార్లు వచ్చారు. మనకి శామ్ మానెక్‌షా, పాకిస్తాన్‌కి మహమ్మద్ మూసా, బర్మాకి స్మిత్ డన్. ఒకే తరగతి గదిలో కూర్చున్న ముగ్గురు.

అయితే అది ఒక్క ఆర్మీ దర్వాజా. ఎయిర్ ఫోర్స్‌ది వేరే. 1930లో ఆరుగురు హిందుస్తానీ కుర్రాళ్లని ఇంగ్లండ్‌లో క్రాన్‌వెల్‌కి పంపారు. అందులో సుబ్రతో ముఖర్జీ ఉన్నాడు, ఏ.బి. అవాన్ అనే మన ముసల్మాన్ కుర్రాడూ ఉన్నాడు. 1932 అక్టోబర్ 8న మన హవాయీ ఫౌజ్ పుట్టింది ఈ గుప్పెడు మందితోనే. నేవీ సంగతి ఇంకా కష్టం. అందులో తొలి హిందుస్తానీ అఫ్సర్ డి.ఎన్. ముఖర్జీ, ఇంజనీరు, 1928లో వచ్చాడు.

అంటే మూడు ఫౌజులు, మూడు తలుపులు, మూడు తాళాలు. ఒక దగ్గర కాదంటే ఇంకో దగ్గర అడగడానికి మళ్లీ మొదటినుంచి ఎవరి కాళ్లో పట్టుకోవాలి.

'నీ బాప్ ఎవరు' నుంచి 'నువ్వేం చేస్తావు' దాకా

ఈ రివాజ్ మారింది ఇన్సాఫ్ కోసం కాదు, జరూరత్ కోసం. రెండో ప్రపంచ యుద్ధంలో అఫ్సర్లు వేల సంఖ్యలో కావలసొచ్చారు. ఖాందాన్ చూసి, ఇరవై నిమిషాలు మాట్లాడి తీసుకున్నవాళ్లు మైదానంలో పనికిరాకుండా పోతున్నారు. అంతకుముందే జర్మన్లు మనస్తత్వ శాస్త్రవేత్తల్ని పెట్టి అఫ్సర్లని పరీక్షించే పద్ధతి తెచ్చారు. 1942లో అంగ్రేజులు అలాంటి బోర్డులు పెట్టుకున్నారు. 1943లో డెహ్రాడూన్‌లో ప్రయోగంగా మన దగ్గరా ఒక బోర్డు పెట్టారు. ఈరోజు మనం ఎస్ఎస్‌బీ అంటున్నది దాని ఔలాదే.

ఐదు రోజుల వ్యవహారం అది. మొదటిరోజే వడపోత. చాలామంది ఆ సాయంత్రానికే సామాను సర్దుకుంటారు. మిగిలినవాళ్లకి బొమ్మలు చూపించి కథలు రాయమంటారు. ఒక్కో మాటకి 15 సెకన్ల చొప్పున 60 మాటలు చూపించి, ప్రతి మాటకీ మనసులో ఏమొస్తే అది రాయమంటారు. తాళ్లు, దుంగలు, పీపాలు ఇచ్చి జట్టుగా అడ్డంకి దాటమంటారు. ఒకాయన కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడతాడు. మనసులో ఉన్నది, నోటితో చెప్పింది, చేత్తో చేసింది మూడూ ఒకటేనా అని ముగ్గురు వేరువేరుగా చూసి ఆఖర్న కలిసి కూర్చుని ఫైసలా చేస్తారు. దీన్నే అక్కడ మనసా, వాచా, కర్మణా అంటారు. మనకిది కొత్త మాటా? నియ్యత్, జుబాన్, అమల్ ఒకటిగా ఉండాలని మన పెద్దలు చెప్పేదీ ఇదే కదా.

ఇంకో చిన్న సంగతి. ఆ ఐదు రోజులూ పిల్లల ఛాతీ మీద ఒక నంబరు ఉంటుంది. ఆటల్లో, చర్చల్లో ఆ నంబరుతోనే పిలుస్తారు. పేరుకి పక్షపాతం అంటకుండా ఉండటానికి అదొక్కటే చాలుతుందని నేననను. కానీ 1918లో సిఫారసు చీటీ ఉన్న చోట ఈరోజు ఒక నంబరు ఉంది. ఈ ఫరక్ చిన్నది కాదు.

సూడాన్ సొమ్ము

మూడు దర్వాజాలు ఒక ఆవరణలోకి రావడం వెనక ఒక వింత కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో తమ నేలని కాపాడిన హిందుస్తానీ సిపాయిల యాదిగా 1941లో ఆనాటి సూడాన్ ప్రభుత్వం లక్ష పౌండ్లిచ్చింది. ఆ సొమ్ముతో పాలరాయి స్తూపం కడదామా అన్న దగ్గర మొదలై, యుద్ధం ముగిశాక మూడు ఫౌజుల కుర్రాళ్లూ కలిసి చదువుకునే అకాడమీ కడదామన్న దగ్గరికి వచ్చారు. బట్వారా అయ్యాక అందులో 70 వేల పౌండ్లు మన వాటాకి, 30 వేలు పాకిస్తాన్ వాటాకి వెళ్లాయి.

1949 జనవరిలో డెహ్రాడూన్‌లో జాయింట్ సర్వీసెస్ వింగ్ మొదలైంది. తర్వాత అది పూనా దగ్గర ఖడక్‌వాస్లాకి మారి నేషనల్ డిఫెన్స్ అకాడమీ అయింది. 1955 జనవరిలో దాని ప్రారంభోత్సవం. మూడు ఫౌజుల పిల్లల్నీ ఒకే చోట పెట్టి చదివించిన మొదటి అకాడమీ దునియాలో అదే. అక్కడి పెద్ద భవనం పేరు ఈరోజుకీ సూడాన్ బ్లాక్. ఇంటర్ అయ్యాక ఎన్డీఏ రాసే మన పిల్లలు ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకుంటే బాగుంటుంది.

ఆ తర్వాత ఒక్కొక్కటీ వచ్చాయి. చైనా యుద్ధంలో దెబ్బ తిన్నాక 1963లో మద్రాసులో ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూల్ తెరిచారు. అదే ఇప్పటి ఓటీఏ. హైదరాబాద్ పక్కన దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీకి 1967 అక్టోబర్ 11న పునాదిరాయి వేసింది అప్పటి సదర్-ఎ-జుమ్హూరియా డాక్టర్ జాకిర్ హుస్సేన్ సాబ్. ఆయన పుట్టిందీ హైదరాబాద్‌లోనే. కేరళ ఎళిమలలో ఇండియన్ నేవల్ అకాడమీ 2009 జనవరిలో మొదలైంది.

డిగ్రీ అయిన కుర్రాడు యూపీఎస్సీ వాళ్ల సీడీఎస్ ఫారమ్ నింపితే ఈ నాలుగిటికీ ఒకేసారి అర్జీ పెట్టినట్టు. డెహ్రాడూన్ ఐఎంఏ, ఎళిమల ఐఎన్ఏ, దుండిగల్ ఏఎఫ్ఏ, చెన్నై ఓటీఏ. ఏది ముందు కావాలి, ఏది తర్వాత అని మనమే వరుస రాయాలి. అంటే మా భాంజా సవాల్‌కి జవాబు ఆ ఫారమ్‌లోనే ఉంది. అన్నీ అడగడం లాలచ్ కాదు. అన్నీ అడగమనే ఆ ఫారమ్ తయారుచేశారు.

మన ఊరు, మన భయం

ఇప్పుడు మా చెల్లెలి సవాల్‌కి వస్తాను.

విశాఖపట్నం పోర్టు 1933లో తెరిచారు. 1941లో షిప్‌యార్డుకి పునాది పడింది. 1968లో తూర్పు నౌకాదళ కమాండ్ ఇక్కడ ఏర్పడింది. 1971లో స్టీల్ ప్లాంట్‌కి శంకుస్థాపన. ఇవన్నీ మన ఖాందాన్లకి రోజీ ఇచ్చాయి. వెల్డర్లు, ఫిట్టర్లు, క్రేన్ ఆపరేటర్లు, డాక్‌యార్డులో అప్రెంటిస్‌లు. కానీ యుద్ధనౌకకి రంగేసే చేతికి, ఆ నౌక మీద నిలబడి హుకుం ఇచ్చే చేతికి మధ్య ఉన్న గోడ మన ఇళ్లలో ఎవరూ ఎక్కి చూడలేదు. విజయనగరం దగ్గర కోరుకొండలో 1962 నుంచి సైనిక్ స్కూల్ ఉంది. అఫ్సర్లని తయారుచేయడానికే పెట్టిన బడి అది. పిల్లోణ్ణి ఆరో క్లాసులోనే దాని ఎంట్రన్స్‌కి కూర్చోబెట్టిన ఖాందాన్ మన బంధువుల్లో ఎన్ని ఉన్నాయో లెక్కేసుకోండి. నాకు ఒక చేతి వేళ్లు కూడా నిండలేదు.

ఎందుకు? బద్ధకం అనడం అన్యాయం. ఒక డర్ ఉంది, దానికి కారణాలున్నాయి. 1971 డిసెంబర్ 3 రాత్రి పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ మన విశాఖ తీరంలోనే మునిగిపోయింది. ఊరు బతికిపోయింది. ఆ రాత్రి ఈ ఊళ్లో అందరితోపాటు మన ఇళ్లలోనూ దీపాలార్పుకుని కూర్చున్నారు, దుఆలు చేశారు. కానీ తర్వాత బడిలో 'గాజీ' అన్న మాట మన పిల్లల్ని ఏడిపించే మాటైంది. నన్నూ ఒకడు అలా పిలిచాడు. చిన్న విషయమే. అయినా నలభై ఏళ్లుగా యాదుంది. అలాంటి చిన్నచిన్న ముళ్లు గుచ్చుకుని గుచ్చుకుని, మన అమ్మీలు పిల్లలకి చెప్పే మాట ఒకటే అయింది: మనకెందుకు బేటా అవన్నీ.

ఇక లెక్కలు. ఫౌజ్‌లో ముసల్మాన్ అఫ్సర్లు ఎంతమంది అన్నదానికి సర్కార్ అచ్చేసిన లెక్క లేదు. 2006 ఫిబ్రవరిలో సచార్ కమిటీ ఆ లెక్క అడిగితే దేశమంతా పెద్ద బహస్ జరిగింది. మేం మజహబ్ చూసి తీసుకోం, మజహబ్ చూసి లెక్క పెట్టం అని ఫౌజ్ అంది. నవంబర్‌లో వచ్చిన సచార్ రిపోర్టులో ఫౌజ్ లెక్కలు లేవు. అది సరైనదా కాదా అని వాదించుకోవచ్చు. తక్కువమందే ఉన్నారని కళ్లకి కనిపిస్తూనే ఉంది. కానీ ఎంతమంది అర్జీ పెడితే ఎంతమందిని తీసుకున్నారన్నది తెలియకుండా, తీసుకోరు అని మనమే ఫత్వా ఇచ్చేసుకుంటే ఎలా? మన ఇంట్లో అర్జీయే పెట్టని పిల్లోణ్ణి ఏ బోర్డూ కాదనలేదు. వాణ్ణి కాదన్నది మనమే.

తీసుకున్నవాళ్లు, నిలబడ్డవాళ్లు

బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ 1932లో సాండ్‌హర్స్ట్‌కి వెళ్లాడు. చిన్నప్పుడు ఆయనకి నత్తి ఉండేది. ఇంటర్వ్యూ అంటే నోరెండిపోయే పిల్లలు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. బట్వారాలో ఆయన బలూచ్ రెజిమెంట్ పాకిస్తాన్‌కి వెళ్లింది, ఆయన వెళ్లలేదు. 1948 మార్చిలో కశ్మీర్‌లో ఝంగర్‌ని తిరిగి తీసుకున్నాడు, జులై 3న అక్కడే షహీద్ అయ్యాడు. మహావీర చక్ర ఇచ్చారు. ఢిల్లీలో జామియా మిల్లియా కబరస్తాన్‌లో ఆయన కబర్ ఉంది.

మన హైదరాబాదీ ఇద్రీస్ హసన్ లతీఫ్ సాబ్ నిజాం కాలేజీలో చదివి 1942లో ఎయిర్ ఫోర్స్‌లో కమిషన్ తీసుకున్నాడు. 1947లో ఆయన దోస్తులు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్‌కి రమ్మని పిలిచారు. వాళ్లిద్దరూ తర్వాత అక్కడి ఎయిర్ ఫోర్స్‌కి చీఫ్‌లయ్యారు. ఈయన వెళ్లలేదు. 1978లో మన ఎయిర్ ఫోర్స్‌కి చీఫ్ అయ్యాడు. ఆ పదవిలో కూర్చున్న మొదటి ముసల్మాన్. 2018లో హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు.

ఈ పేర్లు చెప్పి, చూశారా ఏ అడ్డూ లేదు అని నేననట్లేదు. ఒక ఉస్మాన్, ఒక లతీఫ్‌ని చూపించి మిగతా సవాళ్లన్నీ మూసేయడం నాకూ నచ్చదు. అడ్డంకులున్నాయి. గడ్డం సంగతే తీసుకోండి. 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, ఎయిర్ ఫోర్స్‌లో మజహబ్ కారణంగా గడ్డం పెంచుకుంటానంటే కుదరదన్న నిబంధనని ఖాయం చేసింది. నేవీలో ఇజాజత్ తీసుకుని ఎవరైనా గడ్డం పెంచుకోవచ్చు. ఎవరి ఇంట్లో వాళ్లు ముందే మాట్లాడుకోవలసిన విషయం ఇది, ఉద్యోగంలో చేరాక కాదు. కానీ ఒక దర్వాజాలో ఉన్న షరతు ఇంకో దర్వాజాలో ఉండకపోవచ్చు. నాలుగూ చూడమనేది అందుకే.

రెండు అర్జీలు పెట్టిన రామేశ్వరం కుర్రాడు

ఒకేసారి రెండు చోట్ల అర్జీ పెట్టిన ఇంకో మనిషి కథ మీ అందరికీ తెలుసు. అయినా ఈ కోణంలో ఒక్కసారి చూడండి.

1958. ఏపీజే అబ్దుల్ కలాం మద్రాసులో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చదివి, బెంగళూరు హెచ్ఏఎల్‌లో ట్రైనింగ్ అయి బయటికొచ్చాడు. ఆకాశంలో ఎగరాలని ఆయన ఖ్వాబ్. రెండు చోట్ల అర్జీ పెట్టాడు. ఒకటి ఎయిర్ ఫోర్స్‌లో కమిషన్‌కి, రెండోది రక్షణ శాఖలోని సాంకేతిక విభాగంలో ఉద్యోగానికి. రెండిటినుంచీ పిలుపు దాదాపు ఒకేసారి వచ్చింది. ముందు ఢిల్లీలో ఇంటర్వ్యూ ఇచ్చి, తర్వాత డెహ్రాడూన్‌లో ఎయిర్ ఫోర్స్ బోర్డుకి వెళ్లాడు. 25 మంది, 8 ఖాళీలు. కలాం సాబ్‌ది తొమ్మిదో స్థానం.

ఒక్క మెట్టు. ఆ ఒక్క మెట్టు కిందే ఆయన ఖ్వాబ్ పగిలిపోయింది. రిషీకేశ్ వెళ్లి గంగ ఒడ్డున తిరిగాడు, స్వామి శివానందని కలిసి మనసులో మాట చెప్పుకున్నాడు. తిరిగి ఢిల్లీ వచ్చేసరికి రెండో అర్జీ జవాబిచ్చింది. నెలకి 250 రూపాయల మూల వేతనంతో సీనియర్ సైంటిఫిక్ అసిస్టెంట్ ఉద్యోగం.

ఆ రెండో అర్జీ లేకపోతే? నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. అల్లాకే తెలుసు. కానీ ఆయన ఆ రెండో అర్జీ పెట్టిన రోజున దాన్ని ఎవరూ రెండు పడవల మీద కాళ్లనలేదు.

2002లో ఆయన సదర్ అయ్యాడు. అంటే మూడు ఫౌజులకీ సుప్రీం కమాండర్. 2006 ఫిబ్రవరిలో నౌకాదళాన్ని తనిఖీ చేయడానికి మన విశాఖపట్నం వచ్చాడు. వరసగా నిలిచిన నౌకలన్నీ ఆయనకి సలామ్ చేశాయి. ఫిబ్రవరి 13న సింధురక్షక్ సబ్‌మెరైన్ ఎక్కి బంగాళాఖాతం నీళ్లలోపలికి దిగాడు. అప్పటికి ఆయనకి 74 ఏళ్లు. దేశాధ్యక్షుడు సబ్‌మెరైన్‌లో వెళ్లడం అదే మొదటిసారి. ఆ జూన్ 8న పూనాలో సుఖోయ్ యుద్ధవిమానంలో ఎగిరాడు. తొమ్మిదో స్థానం అని ఎయిర్ ఫోర్స్ బోర్డు వెనక్కి పంపిన నలభై ఎనిమిదేళ్లకి.

గమనించారా? ఫౌజ్‌లో ముసల్మాన్లు ఎంతమంది అని ఢిల్లీలో బహస్ జరుగుతున్నది కూడా ఆ 2006 ఫిబ్రవరిలోనే. అక్కడ టీవీల్లో లెక్కల గొడవ. ఇక్కడ మన సముద్రం అడుగున ఒక ముసల్మాన్ సుప్రీం కమాండర్. రెండూ సచ్చే. ఒకటి చూసి రెండోదాన్ని మర్చిపోకూడదు.

ఫారమ్ ముందు కూర్చున్న పిల్లలకి

ఇక కామ్ కీ బాత్. వయసులు, తేదీలు ప్రతిసారీ మారతాయి కాబట్టి ఏ నోటిఫికేషన్‌కి ఆ నోటిఫికేషన్ పూర్తిగా చదవండి. నేను ఉసూల్ మాత్రం చెప్తాను.

సీడీఎస్ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. సెంటర్ విశాఖపట్నంలోనే పెట్టుకోవచ్చు. ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జ్, లెక్కలు, మూడూ వందేసి మార్కులు. ఓటీఏ ఒక్కదానికే అయితే లెక్కల పేపరు లేదు. ఐఎంఏకి, ఓటీఏకి ఏ డిగ్రీ అయినా సరే. ఐఎన్ఏకి ఇంజనీరింగ్ కావాలి. ఏఎఫ్ఏకి ఇంజనీరింగ్ గానీ, లేదా ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివిన డిగ్రీ గానీ ఉండాలి. అంటే బీఏ, బీకామ్ పిల్లలకీ రెండు దర్వాజాలు తెరిచే ఉన్నాయి. మా భాంజాలాంటి బీటెక్ వాళ్లకి నాలుగూ.

అకాడమీకో మెరిట్ లిస్టు ఉంటుంది. రాత పరీక్ష ఒకటే అయినా కటాఫ్‌లు వేరు. ఒక దాంట్లో జారినా ఇంకో దాంట్లో నిలబడొచ్చు. ఎయిర్ ఫోర్స్ వాళ్ల బోర్డు వేరు. పైలట్‌కి యంత్రం మీద ఒక పరీక్ష పెడతారు. అది జిందగీలో ఒక్కసారే. అందులో పోతే పైలట్ ఆశ వదులుకోవాలి, కానీ ఫౌజ్ ఆశ వదులుకోనక్కర్లేదు. కంటిచూపు, రంగుల పరీక్ష కూడా అంతే, ఒక్కో శాఖకి ఒక్కో హద్దు. ఒక్క గడిలోనే టిక్ పెట్టిన కుర్రాడికి ఆ ఒక్క గడితోనే కథ అయిపోతుంది.

ఒక షరతు మాత్రం ఉంది. వరుస నిజాయితీగా రాయండి. దోస్తు పెట్టాడని ఎయిర్ ఫోర్స్ ముందు పెట్టి, బోర్డులో 'ఎందుకు' అని అడిగితే నోరెళ్లబెట్టకూడదు. నాలుగూ కోరుకోవచ్చు, కానీ ప్రతిదానికీ మీ మనసులో ఒక జవాబుండాలి. ఓడ మీద నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండగలనా, సిపాయిలతో కొండల్లో నడవగలనా అని ముందు మిమ్మల్ని మీరే అడగాలి. జవాబు లేని గడిని వదిలేయండి. డర్ వల్ల మాత్రం ఏ గడీ వదలకండి.

ఆడపిల్లల సంగతి అడుగుతారు. ఓటీఏలో 1992 నుంచి ఆడపిల్లలున్నారు. సుప్రీంకోర్టు 2021లో తలుపు తీయించాక ఎన్డీఏలోకి 2022లో 19 మంది అమ్మాయిలు చేరారు. 2025 మే 30న వాళ్లలో 17 మంది పాసై పరేడ్ చేశారు. కాబట్టి ఇంట్లో భాంజా ఒక్కడితోనే కాదు, భాంజీతో కూడా ఈ బాత్ చేయండి. మా ఇంట్లో మేం చేయలేదు. మా భాంజీ ఆరోజు మెట్ల మీద మా పక్కనే కూర్చుని అంతా వింది, ఒక్కరం కూడా దాన్ని అడగలేదు. ఆ గల్తీ నాది కూడా.

ఒంటెని కట్టేసి ఆ తర్వాత తవక్కల్ చేయమన్నారు మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం. కట్టడం మన పని. ఫారమ్ నింపడం, పొద్దున్నే బీచ్ రోడ్డు మీద పరిగెత్తడం, ఇంగ్లీషు పేపరు చదవడం, నలుగురిలో నోరు విప్పడం ఇవన్నీ తాడు ముడులు. ఫైసలా మన చేతిలో లేదు. తొమ్మిదో స్థానం వస్తే రావచ్చు. అది మన పిల్లోడి విలువ మీద తీర్పు కాదు, మన కౌమ్ మీద అసలే కాదు.

నిన్న రాత్రి భాంజా ఫోన్ చేశాడు. నాలుగు గడులూ నింపాడట. నేవీ మొదట, ఎయిర్ ఫోర్స్ రెండు, ఐఎంఏ మూడు, ఓటీఏ నాలుగు. వాళ్ల అబ్బానే ఫీజు 200 కట్టాడట. నేవీ ఎందుకు ముందు అని అడిగాను, బోర్డువాళ్లలాగా.

"రోజూ బయటినుంచే చూస్తున్నా కదా మామూ. ఒకసారి లోపలినుంచి మన దర్గా కొండ ఎలా కనిపిస్తుందో చూడాలి" అన్నాడు.

వాడి కోసం, మీ ఇళ్లలో ఇలాంటి పిల్లల కోసం దుఆ చేయండి. దుఆతోపాటు ఫారమ్ ఆఖరు తేదీ కూడా చూసుకోండి.

ఖుదా హాఫిజ్.